మెదడు రక్తప్రసరణ కొలత: ఎంఆర్‌ఐ ఎంతసేపు ఆగి చూడాలి?

మెదడుకు రక్తం సరిగా అందుతోందా లేదా అన్న ప్రశ్నకు ఎంఆర్‌ఐ యంత్రం సూది గుచ్చకుండా, మందు ఎక్కించకుండా సమాధానం చెప్పగలదు. ఆర్టీరియల్ స్పిన్ లేబెలింగ్, సంక్షిప్తంగా ఏఎస్‌ఎల్, అనే పద్ధతిలో మెడ వద్ద ప్రవహించే రక్తానికి అయస్కాంత గుర్తు వేసి, కొద్దిసేపు ఆగి, ఆ తరువాత మెదడును చిత్రిస్తారు. ఆ నిరీక్షణ సాధారణంగా రెండు సెకన్లకు మించదు. అయితే ఆ వ్యవధి ఎంపికలో సెకనులో కొంత భాగం తేడా వచ్చినా, రక్తం చక్కగా అందుతున్న కణజాలం రక్తహీనంగా కనిపించే ప్రమాదం ఉంది. పక్షవాతం, మెడ ధమనుల సంకోచం, మతిమరుపు వ్యాధులు, మూర్ఛ వంటి సమస్యల్లో ఈ కొలతను ఆధారంగా తీసుకునే సందర్భాలు పెరుగుతున్నందున, కొలత వెనుక ఉన్న కాలనిర్ణయం ఏమిటో తెలుసుకోవడం అవసరం.

ఎందుకు కొలవాలి?

వయోజనుల శరీర బరువులో మెదడు వాటా సుమారు 2 శాతం. గుండె నుంచి వెలువడే రక్తంలో సుమారు 15 శాతం, శరీరం వినియోగించే ఆక్సిజన్‌లో సుమారు 20 శాతం దానికే వెళతాయి. ఇంధనాన్ని నిల్వ చేసుకునే శక్తి మెదడుకు దాదాపు లేదు. అందువల్ల రక్తప్రవాహం ఏ క్షణంలో తగ్గినా దాని ప్రభావం వెంటనే కనిపిస్తుంది.

ఈ ప్రవాహాన్ని 100 గ్రాముల కణజాలానికి నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల రక్తం అందుతోందన్న లెక్కలో చెబుతారు. ఆరోగ్యవంతుల మెదడు మొత్తానికి సగటు సుమారు 50. నాడీకణాలు దట్టంగా ఉండే బూడిద రంగు పదార్థంలో అది 60 ప్రాంతంలో, నాడీతంతువులు ఉండే తెల్ల పదార్థంలో 20 ప్రాంతంలో ఉంటుంది. బూడిద పదార్థంలో ప్రవాహం సుమారు 20 కంటే తగ్గితే కణాలు పనిచేయడం మానేస్తాయి. 10 కంటే తగ్గితే కొద్ది సమయంలోనే చనిపోతాయి. పనిచేసే కణజాలానికీ ప్రమాదంలో పడిన కణజాలానికీ మధ్య ఉన్న దూరం ఇంత తక్కువ కాబట్టే, కొలతలో వచ్చే పొరపాటు చికిత్స నిర్ణయం దాకా వెళ్లగలదు.

మనిషి మెదడులో రక్తప్రవాహాన్ని అంకెల్లో తొలిసారిగా నమ్మకంగా కొలిచినవారు అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన సేమూర్ కెటీ, కార్ల్ ష్మిట్. 1940 దశకంలో వారు వ్యక్తులచేత నైట్రస్ ఆక్సైడ్ వాయువును పీల్పించి, ధమనిలోనూ మెదడు నుంచి వెనుదిరిగే సిరలోనూ ఆ వాయువు పరిమాణం ఎలా మారుతోందో రక్తనమూనాల ద్వారా లెక్కించారు. ఆరోగ్యవంతులైన యువకుల్లో వారికి లభించిన సగటు 54. ఆ అంకె నేటికీ చెల్లుతోంది. కానీ అది మొత్తం మెదడుకు ఒకే సగటు. ఏ భాగానికి ఎంత అందుతోందో అది చెప్పలేదు.

తరువాతి కాలంలో రేడియోధార్మిక ఆక్సిజన్-15తో తయారైన నీటిని రక్తంలోకి ఎక్కించి పెట్ స్కాన్ ద్వారా ప్రాంతాలవారీగా కొలిచే పద్ధతి వచ్చింది. దీనిని ఇప్పటికీ ప్రామాణికంగా పరిగణిస్తారు. అయితే ఆక్సిజన్-15 అర్ధాయువు సుమారు 2 నిమిషాలే. దానిని తయారుచేసే సైక్లోట్రాన్ యంత్రం స్కానర్ పక్కనే ఉండాలి. అందుకే ఈ పరీక్ష కొన్ని కేంద్రాలకే పరిమితమైంది.

రక్తంలోని నీటికే గుర్తు

బయటి నుంచి ఏ పదార్థాన్నీ ఎక్కించకుండా, రక్తంలో ఉన్న నీటినే గుర్తుగా వాడుకోవచ్చని 1992లో జాన్ డెట్రే, అలన్ కోరెట్‌స్కీ, వారి సహచరులు ఎలుకల మెదడుపై చేసిన ప్రయోగాల్లో చూపారు. నీటి అణువుల్లోని హైడ్రోజన్ కేంద్రకాలు ఎంఆర్‌ఐ యంత్రపు బలమైన అయస్కాంత క్షేత్రంలో ఒక దిశకు మొగ్గుతాయి. మెడ భాగంలో ధమనులకు అడ్డంగా ఒక తలాన్ని ఎంచుకుని అక్కడ రేడియో తరంగాలను ప్రయోగిస్తే, ఆ తలం దాటి పైకి వెళ్లే రక్తంలోని కేంద్రకాల అయస్కాంత దిశ తలకిందులవుతుంది. దీనినే గుర్తు వేయడం అంటారు.

గుర్తు పడిన రక్తం మెదడుకు చేరాక ఒక చిత్రం తీస్తారు. గుర్తు వేయకుండా మరొక చిత్రం తీస్తారు. రెండింటిలోనూ నిశ్చలమైన కణజాలం ఒకేలా ఉంటుంది కాబట్టి ఒకదానిలోనుంచి మరొకటి తీసివేస్తే మిగిలేది కొత్తగా వచ్చిన రక్తపు సంకేతం మాత్రమే. ఆ మిగులు చాలా చిన్నది. మొత్తం సంకేతంలో సుమారు ఒక శాతం, తరచుగా అంతకంటే తక్కువ. అందుకే ఇలాంటి జంట చిత్రాలను అనేకసార్లు తీసి సగటు కడతారు. పరీక్ష నాలుగైదు నిమిషాలు పడుతుంది.

కాంట్రాస్ట్ మందు అవసరం లేకపోవడం ఈ పద్ధతికి ఉన్న పెద్ద ప్రయోజనం. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి, చిన్నపిల్లలకు, ఒకే వ్యక్తికి పదే పదే పరీక్ష చేయాల్సిన సందర్భాలకు ఇది అనువైనది.

నాలుగు కాలాలు

ఏఎస్‌ఎల్‌లో కొలత నాలుగు కాలాల మీద ఆధారపడుతుంది. రెండు పరీక్ష చేసేవారి చేతిలో ఉంటాయి. రెండు రోగి శరీరంలో ఉంటాయి.

మొదటిది గుర్తు వేసే వ్యవధి. నేడు ఎక్కువగా వాడే సూడో కంటిన్యువస్ విధానంలో ఇది సుమారు 1.8 సెకన్లు. రెండవది గుర్తు వేయడం ముగిసినప్పటి నుంచి చిత్రం తీసేవరకు ఆగే కాలం. దీనిని నిరీక్షణ కాలం అందాం. మూడవది మెడ వద్ద గుర్తు పడిన రక్తం మెదడులోని ఒక్కొక్క భాగానికి చేరడానికి పట్టే ప్రయాణ కాలం. నాలుగవది గుర్తు చెరిగిపోయే కాలం.

ఈ నాలుగవది మొత్తం వ్యవహారానికి హద్దు గీస్తుంది. తలకిందులైన కేంద్రకాలు ఎక్కువసేపు అలా ఉండవు, క్రమంగా పూర్వస్థితికి వస్తాయి. ఆ వేగాన్ని టీ1 కాలం అనే కొలతతో చెబుతారు. 3 టెస్లా యంత్రంలో ధమని రక్తానికి ఇది సుమారు 1650 మిల్లీసెకన్లు, 1.5 టెస్లా యంత్రంలో సుమారు 1350 మిల్లీసెకన్లు. అంటే 3 టెస్లాలో 1.65 సెకన్లు గడిచేసరికి గుర్తులో 37 శాతం మిగులుతుంది. 3.3 సెకన్లకు 14 శాతం మిగులుతుంది. 5 సెకన్లు దాటితే 5 శాతం కూడా ఉండదు. పెట్ స్కాన్‌లో ఆక్సిజన్-15 ఇచ్చే రెండు నిమిషాల గడువుతో పోలిస్తే ఇక్కడ లభించేది రెప్పపాటు.

దీనిని కాలువ నీటితో పోల్చి చూడవచ్చు. తూము దగ్గర నీటిలో త్వరగా వెలిసిపోయే రంగు కలిపామనుకుందాం. ఎగువ పొలాలకు రంగునీరు తొందరగా చేరుతుంది. ఆయకట్టు చివరి భూములకు ఆలస్యంగా చేరుతుంది. రంగు చేరకముందే వెళ్లి చూసినవారు చివరి భూములకు నీరే అందడం లేదని రాసుకుంటారు. అందరికీ చేరేదాకా ఆగితే, అప్పటికి రంగు వెలిసి పోల్చుకోవడమే కష్టమవుతుంది. నిరీక్షణ కాలం ఎంపికలోని చిక్కు ఇదే.

లెక్క చెప్పేదేమిటి?

ఏఎస్‌ఎల్ సంకేతాన్ని రక్తప్రవాహపు అంకెగా మార్చే సాధారణ సూత్రం ఒక షరతు మీద నిలబడి ఉంది. చిత్రం తీసే సమయానికి గుర్తు పడిన రక్తం మొత్తం కణజాలానికి చేరిపోయి ఉండాలి. అంటే నిరీక్షణ కాలం ప్రయాణ కాలం కంటే ఎక్కువగా ఉండాలి. ఈ ఉద్దేశంతోనే గుర్తు వేసిన తరువాత కావాలని కొంత ఆగే పద్ధతిని 1996లో డేవిడ్ ఆల్సాప్, జాన్ డెట్రే ప్రవేశపెట్టారు.

షరతు తప్పితే ఏమవుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ఒకే వ్యక్తి మెదడులో రెండు భాగాలు ఉన్నాయనుకుందాం. రెండింటిలోనూ అసలు ప్రవాహం 60. మొదటి భాగానికి రక్తం 1.2 సెకన్లలో చేరుతుంది. రెండవ భాగానికి వెళ్లే మెడ ధమని ఇరుకుగా మారినందున రక్తం చుట్టుదారి నాళాల గుండా 2.6 సెకన్లలో చేరుతుంది. యంత్రం 3 టెస్లాది, గుర్తు వేసే వ్యవధి 1.8 సెకన్లు, నిరీక్షణ 1.8 సెకన్లు. కణజాలంలోనూ గుర్తు రక్తంలో ఉన్న వేగంతోనే చెరుగుతుందని సౌలభ్యం కోసం అనుకుందాం.

మొదటి భాగంలో గుర్తు మొత్తం చేరింది. కొలత 60 అని వస్తుంది, సరైనదే. రెండవ భాగంలో చిత్రం తీసే సమయానికి తొలి ఒక సెకనులో గుర్తు పడిన రక్తమే చేరింది. చివరి 0.8 సెకన్లలో గుర్తు పడిన రక్తం ఇంకా దారిలో ఉంది. పైగా చేరిన భాగం ముందుగా గుర్తు పడినది కాబట్టి దాని గుర్తు ఎక్కువగా చెరిగింది. లెక్క వేస్తే రావాల్సిన సంకేతంలో 42 శాతమే అందుతుంది. సూత్రం ఇచ్చే అంకె 25.

అసలు ప్రవాహం 60 ఉన్న కణజాలానికి యంత్రం 25 అని చెబుతోంది. కణాలు పనిచేయడం మానే హద్దు 20 అన్న విషయం గుర్తుంచుకుంటే ఈ పొరపాటు తీవ్రత అర్థమవుతుంది. నిరీక్షణను 2 సెకన్లకు పెంచితే అదే భాగంలో కొలత 32కు వస్తుంది. 2.6 సెకన్లకు పెంచితేనే 60 అని సరైన అంకె వస్తుంది.

అలాగని ఎప్పుడూ 2.6 సెకన్లు ఆగితే సరిపోతుందా? నిరీక్షణ 1.8 నుంచి 2.6 సెకన్లకు పెరిగితే మిగిలే సంకేతం 62 శాతానికి పడిపోతుంది. మునుపటి స్పష్టతనే తిరిగి పొందాలంటే జంట చిత్రాల సంఖ్యను సుమారు 2.6 రెట్లు పెంచాలి. నాలుగు నిమిషాల పరీక్ష పది నిమిషాలు దాటుతుంది. అంతసేపు కదలకుండా పడుకోవడం పక్షవాత రోగికో, మతిమరుపు ఉన్న వృద్ధుడికో, చిన్నపిల్లలకో సాధ్యం కాకపోవచ్చు. తల కదిలితే ఒక శాతం సంకేతం మీద ఆధారపడిన కొలత మొత్తం పాడవుతుంది.

2015 సిఫారసులు

ఒక్కో కేంద్రం ఒక్కో వ్యవధిని వాడితే ఫలితాలను పోల్చడం అసాధ్యం. ఈ గందరగోళాన్ని తొలగించేందుకు అంతర్జాతీయ ఎంఆర్‌ఐ సంఘానికి చెందిన రక్తప్రసరణ అధ్యయన బృందం, డిమెన్షియాలో ఏఎస్‌ఎల్ వినియోగంపై పనిచేసే ఐరోపా బృందం కలిసి 2015లో ఏకాభిప్రాయ పత్రాన్ని ప్రచురించాయి. ఆస్పత్రుల్లో వాడకానికి సూడో కంటిన్యువస్ విధానాన్ని, 1800 మిల్లీసెకన్ల గుర్తు వ్యవధిని, వీలైతే 3 టెస్లా యంత్రాన్ని అది సూచించింది. నిరీక్షణ కాలాన్ని వయసు, ఆరోగ్య స్థితి ఆధారంగా విభజించింది.

- నవజాత శిశువులు: 2000 మిల్లీసెకన్లు
- పిల్లలు: 1500 మిల్లీసెకన్లు
- 70 ఏళ్లలోపు ఆరోగ్యవంతులు: 1800 మిల్లీసెకన్లు
- 70 ఏళ్లు దాటిన ఆరోగ్యవంతులు: 2000 మిల్లీసెకన్లు
- వయోజన రోగులు: 2000 మిల్లీసెకన్లు

ఈ విభజన వెనుక శరీరధర్మం ఉంది. పిల్లల్లో రక్తం వేగంగా ప్రవహిస్తుంది కాబట్టి తక్కువ నిరీక్షణ చాలు. నవజాత శిశువుల్లో ప్రవాహం నెమ్మది, కాబట్టి ఎక్కువ ఆగాలి. వయసు మీదపడేకొద్దీ ప్రయాణ కాలం పెరుగుతుంది. రోగుల్లో ఏ ధమని ఎంత ఇరుకుగా ఉందో ముందుగా తెలియదు కాబట్టి వయోజన రోగులందరికీ 2000 మిల్లీసెకన్లనే నిర్ణయించారు.

అయితే ఇది రాజీ సూత్రమేనన్న సంగతి మరువరాదు. పై ఉదాహరణలో 2.6 సెకన్ల ప్రయాణ కాలం ఉన్న భాగానికి 2 సెకన్ల నిరీక్షణ కూడా చాలలేదు. మెడ ధమని తీవ్రంగా ఇరుకైనవారిలో ప్రయాణ కాలం 3 సెకన్లకు చేరే సందర్భాలు ఉంటాయి. తెల్ల పదార్థానికి రక్తం ఆలస్యంగా చేరడమే గాక ప్రవాహమూ తక్కువ. అందుకే అక్కడ ఏఎస్‌ఎల్ అంకెలను జాగ్రత్తగా చూడాలి. రెండు పెద్ద ధమనుల పరిధులు కలిసే సరిహద్దు ప్రాంతాలు కూడా కాలువ చివరి భూముల వంటివే.

లేని తగ్గుదల, లేని పెరుగుదల

తక్కువ నిరీక్షణ రెండు రకాలుగా మోసగిస్తుంది. గుర్తు పడిన రక్తం చేరని కణజాలం నల్లగా, ప్రవాహం లేనట్టు కనిపిస్తుంది. చేరాల్సిన ఆ రక్తం మాయం కాలేదు. ఎగువ ధమనుల్లోనే ఉంది. కాబట్టి ఆ నాళాలు చిత్రంలో తీగల్లా, చుక్కల్లా మెరుస్తాయి. ఒక ప్రాంతపు సగటు తీసినప్పుడు ఈ మెరుపులు కలిస్తే, అక్కడ ప్రవాహం ఎక్కువగా ఉందన్న భ్రమ కలుగుతుంది.

మోయమోయ వ్యాధిలో ఈ దృశ్యం స్పష్టంగా ఉంటుంది. మెదడు అడుగున ఉండే ప్రధాన ధమనులు క్రమంగా మూసుకుపోయి, వాటి చుట్టూ సన్నని నాళాల వల ఏర్పడే ఈ వ్యాధికి 1969లో జపాన్ వైద్యులు సుజుకి, తకాకు ఆ పేరు పెట్టారు. జపనీస్ భాషలో మోయమోయ అంటే పొగమంచులా మసకగా కనిపించేది. యాంజియోగ్రామ్‌లో ఆ నాళాల వల పొగ సుడిలా కనిపించడమే దానికి కారణం. ఈ రోగుల్లో రక్తం చుట్టుదారుల గుండా చేరుతుంది కాబట్టి ప్రయాణ కాలం బాగా పెరుగుతుంది. ఒకే నిరీక్షణతో తీసిన చిత్రంలో నల్లని మచ్చల పక్కనే మెరిసే నాళాలు ఉంటాయి. అక్కడ రక్తం నిజంగా తగ్గిందా, ఆలస్యమైందా అన్నది ఆ ఒక్క చిత్రం తేల్చలేదు. శస్త్రచికిత్స ద్వారా కొత్త రక్తమార్గం ఏర్పాటు చేయాలా వద్దా అని ఆలోచించే వైద్యుడికి ఈ తేడా కీలకం.

అనుభవజ్ఞులైన రేడియాలజిస్టులు ఈ మెరుపులను కేవలం దోషంగా కొట్టివేయరు. రక్తం ఆలస్యంగా వస్తోందనీ, చుట్టుదారులు పనిచేస్తున్నాయనీ అవి సూచిస్తాయి. అంకెను నమ్మకూడని చోట చిత్రం ఇచ్చే సమాచారం ఇది.

పరిశోధనల్లోనూ ఇదే ప్రమాదం ఉంది. వృద్ధులనూ యువకులనూ ఒకే తక్కువ నిరీక్షణతో పరీక్షిస్తే వృద్ధుల మెదడులో ప్రవాహం తగ్గినట్టు కనిపించవచ్చు. అందులో ఎంత భాగం నిజమైన తగ్గుదల, ఎంత భాగం ఆలస్యం అన్నది ప్రయాణ కాలం కొలవనిదే విడదీయలేము. అల్జీమర్స్ వ్యాధిలో మెదడు వెనుక, పక్క భాగాల్లో ప్రవాహం తగ్గడం ఒక లక్షణంగా గుర్తించారు. అటువంటి అధ్యయనాల్లో ఈ జాగ్రత్త మరింత అవసరం.

ఒక్కసారి కాక, పలుసార్లు

ఏ ఒక్క నిరీక్షణా అందరికీ సరిపోనప్పుడు, అనేక నిరీక్షణ కాలాలతో చిత్రాలు తీయడం సహజమైన మార్గం. ఒకే ప్రాంతంలో గుర్తు ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు గరిష్ఠానికి చేరింది, ఎలా తగ్గింది అన్న క్రమాన్ని చూసి ప్రయాణ కాలాన్నీ ప్రవాహాన్నీ విడివిడిగా లెక్కిస్తారు. 1998లో రిచర్డ్ బక్స్‌టన్, ఆయన సహచరులు ప్రతిపాదించిన గణిత నమూనా ఇందుకు ఆధారం. ఇలా చేసినప్పుడు ప్రయాణ కాలం తొలగించాల్సిన దోషం స్థానం నుంచి రోగనిర్ధారణకు పనికివచ్చే సమాచారం స్థానానికి మారుతుంది.

దీనికీ ధర ఉంది. పరీక్షకు దొరికే కొద్ది నిమిషాలను అనేక నిరీక్షణల మధ్య పంచాలి కాబట్టి ఒక్కో చిత్రంలో స్పష్టత తగ్గుతుంది. ఈ నష్టాన్ని తగ్గించేందుకు ఫ్రెంచి గణితశాస్త్రవేత్త జాక్ హడమార్డ్ పేరిట ఉన్న మాత్రికలను వాడుకునే విధానం వచ్చింది. గుర్తు వేసే వ్యవధిని 7 ముక్కలుగా విభజించి, కొన్ని ముక్కల్లో గుర్తు వేస్తూ, కొన్నింటిలో వేయకుండా, 8 భిన్న క్రమాల్లో 8 చిత్రాలు తీస్తారు. వాటిని తగిన రీతిలో కూడి, తీసివేస్తే ఏడు ముక్కల సంకేతాలు విడివిడిగా బయటపడతాయి. ఒకే పరీక్షలో ఏడు నిరీక్షణ కాలాల సమాచారం లభిస్తుంది.

బహుళ నిరీక్షణలతో ప్రవాహాన్ని అంకెల్లో కొలవడంపై అంతర్జాతీయ నిపుణుల బృందం 2024లో ప్రత్యేక సిఫారసులు వెలువరించింది. 2015 పత్రం సరళమైన ఏకనిరీక్షణ పద్ధతిని అందరికీ అందుబాటులోకి తేగా, ఇది దాని తరువాతి మెట్టు.

కంటికి కనిపించని మరికొన్ని సమయాలు

నిరీక్షణ కాలం ఒక్కటే సరిగా ఉంటే చాలదు. కొన్ని యంత్రాల్లో మెదడును పొరలు పొరలుగా, కింది నుంచి పైకి ఒకదాని తరువాత ఒకటి చిత్రిస్తారు. ఒక్కో పొరకు 40 మిల్లీసెకన్లు పడుతుందనుకుంటే 20వ పొర వంతు వచ్చేసరికి 760 మిల్లీసెకన్లు గడిచిపోతాయి. 1800 మిల్లీసెకన్ల నిరీక్షణ అక్కడ నిజానికి 2560 మిల్లీసెకన్లు అవుతుంది. లెక్కలో ఈ సవరణ చేయకపోతే నడినెత్తి భాగంలో 60 ఉన్న ప్రవాహం 38గా నమోదవుతుంది. మెదడు మొత్తాన్ని త్రిమితీయంగా ఒకేసారి చిత్రించే విధానాన్ని 2015 పత్రం సిఫారసు చేయడానికి ఉన్న కారణాల్లో ఇది ఒకటి.

గుర్తు చెరిగే కాలం కూడా అందరిలో ఒకటి కాదు. రక్తంలో ఎర్రకణాల వాటా తగ్గితే టీ1 కాలం పెరుగుతుంది. సికిల్ సెల్ రక్తహీనత దీనికి చక్కటి ఉదాహరణ. గిరిజన ప్రాంతాల్లో ఎక్కువగా కనిపించే ఈ వ్యాధి నిర్మూలనకు కేంద్ర ప్రభుత్వం 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఈ వ్యాధి ఉన్న పిల్లల్లో పక్షవాతం ముప్పు ఎక్కువ కాబట్టి మెదడు రక్తప్రవాహం కొలతకు ప్రాధాన్యం ఉంది. ఒక రోగిలో టీ1 కాలం 1650కి బదులు 1850 మిల్లీసెకన్లు ఉందనుకుందాం. సూత్రంలో 1650నే వాడితే అసలు ప్రవాహం కంటే సుమారు 18 శాతం ఎక్కువ చూపుతుంది. అంటే 60కి బదులు 71. కాబట్టి ఇటువంటివారిలో రక్తపరీక్షలో తెలిసిన ఎర్రకణాల శాతం ఆధారంగా లెక్కను సవరించడం అవసరం.

పల్స్‌డ్ ఏఎస్‌ఎల్ అనే మరో విధానంలో మెడ ప్రాంతంలోని రక్తపు దిమ్మె అంతటికీ ఒకే తరంగంతో క్షణంలో గుర్తు వేస్తారు. అప్పుడు ఎంత రక్తానికి గుర్తు పడిందో ధమనిలోని వేగాన్ని బట్టి మారుతుంది. గుర్తు వ్యవధి ఎంతో తెలియకుండా పోతుంది. దీనికి పరిష్కారంగా 1998లో ఎరిక్ వాంగ్, సహచరులు ఒక ఉపాయం చెప్పారు. సుమారు 800 మిల్లీసెకన్ల తరువాత మరో తరంగంతో ఆ ప్రవాహపు తోకను తెంచివేయాలి. అప్పుడు వ్యవధి మళ్లీ తెలిసిన అంకె అవుతుంది. అయితే తోక అప్పటికే గుర్తు వేసిన ప్రాంతాన్ని దాటి వెళ్లిపోకూడదు. ప్రవాహవేగం ఎక్కువగా ఉన్న పిల్లల్లో ఈ షరతు తప్పే అవకాశం ఉంటుంది.

గాడోలినియం మందు ఎక్కించి చేసే పరీక్షలోనూ సమయపాలన ముఖ్యమే. మందు మెదడు గుండా దాటిపోయేది కొద్ది సెకన్లలోనే. అది రాకముందే చిత్రీకరణ మొదలుపెట్టాలి. సెకనున్నరకు ఒకటి చొప్పునైనా మెదడంతటి చిత్రాలు తీయాలి. ఆలస్యంగా చేరే భాగాల్లో మందు పూర్తిగా దాటిపోకముందే పరీక్ష ముగిస్తే లెక్క తప్పుతుంది. పద్ధతి మారినా, తొందరపడితే ఆలస్యం లోటుగా కనిపిస్తుందన్న సూత్రం మారదు.

చివరిగా, పరీక్ష ఏ వేళ చేశారన్నదీ ముఖ్యమే. సుమారు 250 మిల్లీగ్రాముల కెఫీన్, అంటే రెండు మూడు కప్పుల కాఫీ, మెదడు రక్తప్రవాహాన్ని 20 నుంచి 30 శాతం వరకు తగ్గించగలదు. మూర్ఛ వచ్చే సమయంలో మూలకేంద్రంలో ప్రవాహం పెరుగుతుంది, మూర్ఛల మధ్య కాలంలో తగ్గుతుంది. కాబట్టి చివరి మూర్ఛ ఎప్పుడు వచ్చింది, రోగి ఉదయం కాఫీ తాగారా లేదా అన్న వివరాలు లేకుండా రెండు వేర్వేరు రోజుల కొలతలను పోల్చడం సరికాదు.

నివేదికలో చూడాల్సినవి

‘రక్తప్రసరణ తగ్గింది’ అన్న వాక్యం నివేదికలో కనిపించగానే రోగి కుటుంబం ఆందోళన చెందడం సహజం. ఆ వాక్యం బరువు తెలియాలంటే పక్కన కొన్ని వివరాలు ఉండాలి. ఏ విధానం వాడారు, గుర్తు వ్యవధి ఎంత, నిరీక్షణ కాలం ఎంత, అది ఒకటా పలుసార్లా, యంత్రపు అయస్కాంత శక్తి ఎంత అన్నవి వాటిలో ముఖ్యమైనవి. ధమనుల్లో మెరుపులు కనిపించాయా అన్నది కూడా చెప్పాలి. తగ్గుదల కనిపించిన భాగానికి వెళ్లే ధమని ఇరుకుగా ఉందేమో యాంజియోగ్రఫీ చిత్రాలతో సరిపోల్చాలి. అవసరమైతే ఎక్కువ నిరీక్షణతో మళ్లీ చిత్రించాలి. మందు ఎక్కించనక్కర్లేదు కాబట్టి ఏఎస్‌ఎల్‌ను అదే రోజు తిరిగి చేయవచ్చు. రెండు నిరీక్షణ కాలాల్లోనూ ఆ భాగం నల్లగానే ఉంటే లోటు నిజమైనదన్న అనుమానం బలపడుతుంది. ఎక్కువ నిరీక్షణలో ఆ నలుపు నిండితే అక్కడ ఉన్నది ప్రధానంగా ఆలస్యమని అర్థం.

ఆలస్యం కూడా నిర్లక్ష్యం చేయదగినది కాదు. చుట్టుదారిలో వచ్చే రక్తం మీద ఆధారపడిన కణజాలానికి రక్తపోటు ఒక్కసారిగా పడిపోయినప్పుడు తట్టుకునే శక్తి తక్కువ. కానీ ఆలస్యానికీ లోటుకూ చికిత్స, దాని తొందర వేరు. మెదడుకు రక్తం అందడం లేదని చెప్పేముందు, అది చేరేంత వ్యవధి ఇచ్చి చూశామా అన్న ప్రశ్నకు నివేదికలోని అంకెలు జవాబు చెప్పాలి.